మంత్రాలున్న లోకంలో హత్య జరిగితే డిటెక్టివ్‌కు పనేముంటుంది?

అమ్మా, మిగతావాళ్లకూ అర్థమయ్యేలా ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరు చిత్తూరులో ఎమ్మే చదువుతూ ఒక నవల రాస్తున్నారు. చంద్రగిరి కోట లాంటి ఒక కోట, మంత్రం తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ కలిసి బతికే ఒక రాజ్యం. అక్కడ రాజవైద్యుణ్ని అతని గదిలోనే ఎవరో చంపేస్తారు. హంతకుణ్ని పట్టుకునే బాధ్యత ఒక యోగినిది, ఆమెకు దివ్యదృష్టి ఉంది. పద్నాలుగు అధ్యాయాలు అందరినీ విచారించి, పదిహేనో అధ్యాయంలో కళ్లు మూసుకుని హంతకుడెవరో చూసేస్తుంది. అది చదివిన మీ ఫ్రెండ్ "ఆ చూసేదేదో మొదటి పేజీలోనే చూడొచ్చుగా" అంది. మంత్రాలుంటే మిస్టరీ పండదు, రెండిట్లో ఒకటి వదిలెయ్యమని కూడా అంది. ఆమె చెప్పింది నిజమేనా, నవలను ఎలా బాగుచేయాలి, ఏం చదవాలి అని మీరు అడిగారు.

మీ ఫ్రెండ్ మొదటి మాట నూటికి నూరుపాళ్లు కరెక్ట్. రెండో మాటను పట్టించుకోకండి.

నేను తిరుపతిలో ఉంటాను. డిటెక్టివ్ కథల, సైన్స్ ఫిక్షన్ కథల రాతప్రతులు దిద్దడం చాలా ఏళ్లుగా నా పని. ఈ రెండూ కలిపి రాసుకొచ్చినవాళ్లను నేను ముందుగా అడిగేది ఒకటే: మీ లోకంలో మంత్రానికి చేతకానిది ఏమిటి? దానికి ఠక్కున జవాబు వస్తే ఆ నవల నిలబడుతుంది. "మంత్రం కదండీ, ఏమైనా చేయొచ్చు" అన్నారంటే అది ఇంకా కథ కాలేదని అర్థం. మీ యోగిని దివ్యదృష్టికి ఏం కనిపిస్తుందో మీ పేజీల్లో ఉంది. ఏం కనిపించదో ఎక్కడా లేదు. నవల జారిపోయింది అక్కడే.

మంత్రం సంగతి పక్కన పెట్టి ఇవాళ్టి తిరుపతిలోనే ఒక హత్య కథ రాస్తున్నారనుకోండి. బస్టాండులో సీసీ కెమెరా ఉంది. జేబులో ఫోను, ఆ ఫోను ఏ టవర్ కింద ఉందో చెప్పే రికార్డు ఉన్నాయి. చిన్న రక్తపు మరక దొరికితే డీఎన్ఏ. కొమ్మూరి సాంబశివరావు గారి పాత నవలల్లోని డిటెక్టివ్ యుగంధర్‌కు ఇవి చూపిస్తే దివ్యదృష్టి అనే అనుకుంటాడు. అయినా డిటెక్టివ్ కథలు ఆగిపోలేదు. కెమెరాకు సందు మలుపు కనపడదని మనకు తెలుసు. ఫోను ఇంట్లో పెట్టి మనిషి బయటికి వెళ్లొచ్చని తెలుసు. ఆ శక్తి ఎంతవరకు పనిచేస్తుందో రాసేవాళ్లకూ చదివేవాళ్లకూ సమానంగా తెలుసు కాబట్టి ఆట నడుస్తోంది. మంత్రం విషయంలో మాత్రం ఆ హద్దు ఎక్కడుందో మీరు చూపిస్తే తప్ప పాఠకుడికి తెలిసే దారి లేదు. మీకు అదనంగా పడే పని ఇదొక్కటే.

ఈ వాదన ఎప్పటినుంచో ఉంది. రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లిష్ రచయిత, ఆయన మతగురువు కూడా, 1929లో డిటెక్టివ్ కథకు పది నియమాలు రాశాడు. అతీతశక్తులను కథలోకి రానివ్వకూడదు అనేది వాటిలో ఒకటి. ఎవరూ కనిపెట్టని విషాలు, చివర్లో పొడుగాటి సైన్సు పాఠం చెబితే తప్ప అర్థంకాని యంత్రాలు వాడకూడదనేది ఇంకొకటి. అక్షరాలా తీసుకుంటే మీ నవలా పనికిరాదు, సైన్స్ ఫిక్షన్ మిస్టరీలన్నీ పనికిరావు. కానీ అదే పట్టికలో మరో నియమం ఉంది: డిటెక్టివ్‌కు ఆధారం దొరికిన వెంటనే పాఠకుడికీ చూపించాలి. నా దృష్టిలో అసలు నియమం అదే, మొదటి రెండూ దానికి కాపలా. దయ్యాన్నో కొత్త యంత్రాన్నో చివరి పేజీలో దించితే పాఠకుడికి మోసం జరుగుతుందని నాక్స్ భయం. అదే దయ్యాన్ని మొదటి పేజీలోనే పరిచయం చేసి, అది ఏ గడప దాటలేదో కూడా చెప్పేస్తే మోసం ఎక్కడుంది?

అమెరికాలో జాన్ క్యాంప్‌బెల్ అనే పేరున్న సైన్స్ ఫిక్షన్ ఎడిటర్ కూడా ఈ రెండూ కలవవని వాదించేవాడు. కొత్త యంత్రం తీసి కేసు తేల్చేస్తారు, పాఠకుడికి ఊహించే అవకాశం ఉండదు అని ఆయన లెక్క. దానికి జవాబుగానే ఐజాక్ అసిమోవ్ 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్' రాశాడు, 1954లో పుస్తకంగా వచ్చింది. అందులో రోబోలు మనిషికి హాని చేయలేవు, ఆ సూత్రం పాఠకుడికి ముందే తెలుసు. మనుషులేమో పైకప్పు కింద మూసేసిన మహానగరాల్లో పుట్టి పెరిగి, ఆరుబయట నడవాలంటేనే వణికిపోతారు. ఈ రెండు 'చేతకానితనాల' మధ్య ఒక హత్య. రోబోకు చంపడం చేతకాదు, మనిషి బయటి దారిన నడిచి రాలేడు, మరి ఎవరు? చూశారా, కల్పించిన సైన్సు అంతా తలుపులు తెరవడానికి కాకుండా మూయడానికి పనికొచ్చింది. తర్వాత 1957లో 'ది నేకెడ్ సన్'లో ఇదే తిరగేశాడు. అక్కడి జనం ఒకరికొకరు ఎదురుపడటమే అసహ్యించుకుంటారు, మాటలన్నీ తెరల మీదే. మనిషి దగ్గరికి మనిషి వెళ్లని లోకంలో తల పగలగొట్టి చంపింది ఎవరు అన్నది అక్కడ చిక్కుముడి.

దీనికోసం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు కూడా. నలదమయంతుల కథ గుర్తు చేసుకోండి. స్వయంవరంలో దమయంతి ముందు ఐదుగురు నలులు కూర్చుని ఉంటారు. నలుగురు దేవతలు, ఒక్కడు మనిషి. దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, పాదం నేలను తాకదు, మెడలో మాల వాడదు, నీడ ఉండదు. ఒక అద్భుత లోకపు నియమాలు ఇంత చక్కగా ఆధారాలుగా మారిన సందర్భం నాకు ఇంకోటి తెలియదు. మహాభారతంలో దమయంతి వేడుకుంటే దేవతలే కరుణించి తమ గుర్తులు బయటపెడతారు. భక్తి కథకు అది సరిపోతుంది. మీలాంటి డిటెక్టివ్ రచయిత అయితే అక్కడ ఒక్కటి మార్చాలి. ఆ సభలో ఒక పళ్లెంలో పూలరేకులు రాలి ఉండాలి, అవి ఎవరి మాలలోంచి రాలాయో పాఠకుడు గమనించకుండా దాటిపోవాలి.

శ్రీనాథుడి శృంగారనైషధంలో ఇదే ఘట్టం ఇంకా మెలికగా ఉంటుంది. సరస్వతీదేవి ఒక్కొక్కరినీ పరిచయం చేస్తూ చెప్పే పద్యం నలుడికీ సరిపోతుంది, ఆ రూపంలో కూర్చున్న దేవతకూ సరిపోతుంది. నిజం అందరి ముందే చెప్పేసింది, వినేవాళ్లు మాత్రం తమకు కావలసిన అర్థమే విన్నారు. డిటెక్టివ్ నవలలో మంచి ఆధారం ఉండాల్సిన తీరు ఇదే. ఇక పింగళి సూరన కళాపూర్ణోదయం. పదహారో శతాబ్దంలో, మన రాయలసీమలోనే రాసిన కావ్యం. ఒకే రూపంలో ఉన్న ఇద్దరు రంభలు ఎదురెదురు నిలబడి నేనంటే నేనని వాదులాడుకుంటారు. ఎవరు ఎవరి రూపంలో ఎందుకు వచ్చారో సూరన వెంటనే చెప్పడు, ముడి తర్వాత తర్వాత విప్పుతాడు. ఎమ్మే తెలుగైతే సిలబస్ కోసం చదివే ఉంటారు. ఈసారి పరీక్ష టెన్షన్ లేకుండా, ఏ సమాచారం ఎక్కడ దాచాడో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుంటూ చదవండి.

చందమామ బేతాళ కథలు చదివి పెరిగిన ఎవరైనా ఈ పద్ధతికి అలవాటుపడినవాళ్లే. చనిపోయిన అమ్మాయిని ప్రేమించిన ముగ్గురి కథ ఉంది కదా. ఒకడు ఎముకలు గంగలో కలపడానికి వెళ్తాడు, ఒకడు బూడిద మీదే పడుకుంటాడు, ఒకడు సంజీవని మంత్రం నేర్చుకొచ్చి బతికిస్తాడు. ఆమె ఎవరికి భార్య? చచ్చిన మనిషి బతకడం అక్కడ ప్రశ్నలోనే ఉంది, జవాబులో లేదు. జవాబు చెప్పడానికి విక్రమార్కుడు ఏ మంత్రమూ వాడడు, ఆలోచించి చెబుతాడు. మంత్రాన్ని ప్రశ్న వైపు ఎంతైనా పెట్టండి, జవాబు వైపు పెట్టకండి.

ఇప్పుడు దీన్ని చేతల్లో చూద్దాం. ముందు సైన్స్ ఫిక్షన్‌లో ఒక ఉదాహరణ, ఎందుకంటే సైన్సులో హద్దులు మనం కల్పించనక్కర్లేదు, ప్రకృతే పెట్టింది. చంద్రుడు మనకు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరం. వెలుతురుకైనా రేడియో తరంగానికైనా ఆ దూరం దాటడానికి దాదాపు 1.3 సెకన్లు పడుతుంది. అంటే ఇక్కడ నుంచి మాట వెళ్లి అక్కడి నుంచి జవాబు రావడానికి రెండున్నర సెకన్లకు పైనే. ఎంత డబ్బున్నా, ఎంత గొప్ప యంత్రమున్నా దీన్ని తగ్గించలేరు.

కథ ఇలా అనుకోండి. శ్రీహరికోట 2022 నుంచి మన తిరుపతి జిల్లాలోనే ఉంది. అక్కడి నుంచి చంద్రుడి మీది స్థావరానికి మనుషులు వెళ్లొచ్చే కాలం. బైరాగిపట్టెడలో ఒక తల్లి, కొడుకు చంద్రుడి మీద ఉద్యోగం. వీడియో కాల్ చేసిన ప్రతిసారీ ఆమెది ఒకటే బాధ: "ఏం అడిగినా ఆగి ఆగి చెప్తాడు, నాతో మాట్లాడటం ఇష్టం లేనట్టు". కూతురు నవ్వి, దూరం వల్లమ్మా అని సర్దిచెబుతుంది. మొదటి అధ్యాయం అయిపోయింది. పాఠకుడికి అది తల్లి బెంగ మాత్రమే. నాలుగో అధ్యాయంలో, శ్రీహరికోట దగ్గర కొడుకు పాత భాగస్వామి చనిపోయిన రోజు సాయంత్రం, మళ్లీ కాల్. మాటల మధ్యలో తల్లి వంటింటి వైపు చూసి "అయ్యో పాలు!" అని కేకేస్తుంది. కొడుకు అదే క్షణంలో ఉలిక్కిపడి "చూసుకోమ్మా, చెయ్యి కాలుతుంది" అంటాడు. ఫోను పెట్టేశాక ఆమె సంతోషంగా, "ఇవాళ వాడు బాగా మాట్లాడాడే" అంటుంది.

అంతే. హంతకుడు దొరికిపోయాడు. అప్పటిదాకా ప్రతి జవాబుకూ ముందు రెండున్నర సెకన్లు లెక్కపెట్టుకుని మాట్లాడిన తెలివైనవాడు, తల్లికి చెయ్యి కాలుతుందేమోనని భయపడిన ఒక్క క్షణంలో ఆ లెక్క మరిచిపోయాడు. వాడు చంద్రుడి మీద లేడు. ఈ ఆధారం పాఠకుడి కళ్ల ముందే జరిగింది. సైన్సు పాఠం ఒక్క లైను కూడా చెప్పలేదు, బెంగగా చెప్పాం. వాణ్ని పట్టించిందేమో అమ్మ మీద ప్రేమ. నియమాన్ని పాత్రల బాధలోనో పనిలోనో కలిపి చెబితే పాఠకుడు దాన్ని ఆధారంగా అనుమానించడు. తర్వాత తెలిసినప్పుడు మాత్రం "అరే, నాకు చెప్పారే" అనుకుంటాడు. ఆ "అరే" కోసమే మనం ఇంత కష్టపడేది.

మంత్రం వైపు ఇలాంటిదే ఒకటి. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. చిన్నప్పుడు మనందరం విన్నదే. దీన్ని హత్య కోణంలో చూడండి: మంత్రగాడు పదిమంది మధ్య కూర్చుని ఉండగానే మెడ వాలిపోయి చచ్చిపోతాడు. ఎవరూ ముట్టుకోలేదు. అందరూ అక్కడే ఉన్నారు కాబట్టి అందరూ నిర్దోషులే, లేదా అక్కడ లేనివాడే దోషి. ఆయుధం దొరకదు, ఎందుకంటే ఎక్కడో ఎవరో మెడ తిప్పిన పక్షి అది. బ్రహ్మాండమైన ప్రశ్న. అయితే చిలక నిజంగానే ఏడు సముద్రాల అవతల ఉంటే డిటెక్టివ్ ఇంట్లో కూర్చోవాల్సిందే. అందుకని ఒక హద్దు పెట్టండి. ప్రాణం దాచుకున్నవాడు అమావాస్యకు అమావాస్యకు తన చేత్తోనే ఆ పక్షికి గింజలు వేయాలి, లేకపోతే ప్రాణం దానిలో నిలవదు. ఇక చిలక ఎంతో దూరంలో ఉండటానికి వీల్లేదు. ఆయన నెలకోసారి ఎక్కడికి వెళ్తాడు, ఎవరి బండిలో వెళ్తాడు, ఇంట్లో ఒక్క పిట్టా లేనివాడు కొర్రలు ఎందుకు కొంటాడు? విచారించడానికి బండివాడు దొరికాడు, కొట్టువాడు దొరికాడు. ఒక్క హద్దు పెట్టేసరికి ఎంతమంది సాక్షులు పుట్టుకొచ్చారో చూడండి. మంత్రానికి ఖర్చు ఉండాలి, ఆ ఖర్చు ఏదో ఒక గుర్తు వదలాలి.

ఇక మీ నవల దగ్గరికి వద్దాం. దివ్యదృష్టిని తీసేయమని నేను చెప్పను, మీ యోగినికి ప్రాణం అదే. పదిహేనో అధ్యాయం నుంచి దాన్ని మూడో అధ్యాయంలోకి లాక్కురండి, మీ ఫ్రెండ్ అడిగినట్టే. సంజయుడికి వ్యాసుడు ఇచ్చిన చూపు కూడా యుద్ధం చూసి చెప్పడానికే కదా, దానికీ ఒక పని, ఒక పరిధి ఉన్నాయి. మీ యోగినికి ఇలా పెట్టి చూడండి: చనిపోయినవాడి కళ్లు ఆఖరున ఏం చూశాయో అది మాత్రమే ఆమెకు కనిపిస్తుంది. శబ్దం రాదు. ఒక్కసారే కనిపిస్తుంది, మళ్లీ రాదు.

మూడో అధ్యాయంలో ఆమె చూస్తుంది. ముసుగు వేసుకున్న ఒక ఆడమనిషి కత్తి ఎత్తి మీదికి వస్తోంది, ముఖం తెలియడం లేదు, పైట మాత్రం కుడి భుజం మీద ఉంది. మీ కోటలో ఆడవాళ్లందరిదీ ఎడమ పైట అని మొదటి అధ్యాయంలోనే, ఏదో పేరంటం సీనులో చెప్పేసి ఉంటారు. కుడి పైట వేసేది ఉత్తరాది నుంచి వచ్చిన రత్నాల వర్తకుడి ఇంటివాళ్లు. అనుమానమంతా ఆ ఇంటి కోడలి మీద పడుతుంది. ఎవరూ కాదనలేరు, ఎందుకంటే యోగిని చూపు ఎప్పుడూ అబద్ధం చెప్పదని రాజ్యమంతా నమ్ముతుంది. అది నిజంగానే అబద్ధం చెప్పలేదు.

వైద్యుడి శవాన్ని రెండో అధ్యాయంలో వర్ణిస్తారు కదా, అక్కడ ఒక్క వివరం కలపండి. నుదుట తెల్లటి తిరుమణి గీతలు రెండూ ఉన్నాయి, నడిమి ఎర్ర గీత లేదు. పక్కన తిరుచూర్ణం తడిపిన గిన్నె ఇంకా ఆరలేదు. చదివేవాళ్లు దీన్ని సమయం తెలిపే ఆధారం అనుకుంటారు: స్నానం చేసి నామం పెట్టుకునే వేళలో చంపారన్నమాట. మీ యోగిని కూడా అలాగే అనుకోవచ్చు. కానీ నామం పెట్టుకునే మనిషి ఎటు చూస్తూ ఉంటాడు? అద్దంలోకి. వెనక నుంచి వచ్చిన హంతకురాలిని అతను అద్దంలో చూశాడు. ఆ కళ్లు ఆఖరున చూసింది ప్రతిబింబం. కుడి భుజం మీద కనిపించిన పైట నిజానికి ఎడమ భుజం మీదే ఉంది. వర్తకుడి కోడలు నిర్దోషి, హంతకురాలు కోటలోని మనిషే.

ఇక్కడ ఏం మారిందో గమనించండి. దివ్యదృష్టి ఇప్పుడు కేసును తేల్చేసే సాధనం కాదు, అదే కేసును తప్పుదారి పట్టించింది, అదీ ఒక్క అబద్ధం ఆడకుండా. తేల్చింది ఎవరు? ఎర్ర గీత లేని నామాన్ని చూసి ఆలోచించిన బుర్ర. ఆ బుర్ర యోగినిది కావొచ్చు, పాఠకుడిది కావొచ్చు, ఇద్దరికీ అవకాశం సమానం. ఒక్క జాగ్రత్త: అద్దం ఆ గదిలో ఉందని కూడా ముందే రాయాలి, కానీ శవంతో ఒకే పేరాలో రాయకండి. శవాన్ని తీసుకెళ్లాక గది ఊడ్చే పనిమనిషి కంచు అద్దాన్ని తుడిచి గోడకు తిప్పి పెట్టిందని, చావు ఇంట్లో అద్దం కప్పేసే అలవాటుగా, రెండు పేజీల తర్వాత రాస్తే చాలు.

ముసుగులో ఉన్నది ఎవరన్నది మీ ఇష్టం, మీ పాత్రలు మీకే బాగా తెలుసు. నాకైతే వైద్యుడి శిష్యురాలి మీద మనసు పోతోంది. ఆమె మీ ఐదో అధ్యాయంలో మందులపెట్టె సర్దే సీను చాలా బాగుంది, అంత శ్రద్ధగా రాసిన మనిషిని మళ్లీ కనిపించకుండా వదిలేశారు.

మన ఊళ్లను వాడుకోవడం గురించి ఒక మాట. కోట నేపథ్యం పెట్టుకున్నందుకు చాలా సంతోషంగా ఉంది. పొగమంచు లండన్ వీధులు మనం రాయక్కర్లేదు. కాకపోతే వాడుకునేటప్పుడు దగ్గరికి వెళ్లి చూసి వాడుకోవాలి. మీ ఆరో అధ్యాయంలో రాజమహల్ చెక్క మెట్లు కిర్రుమన్నాయి. చంద్రగిరి రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కట్టడంలో కలప లేదు. మీది కల్పిత కోటే అనుకోండి, అయినా ఈ వివరం మీకే లాభం. అడుగుల చప్పుడు వినపడని మహల్‌లో ఎవరు ఎప్పుడు వచ్చారో చెప్పగలిగేది ఎవరు? దీపాలు వెలిగించేవాడు. కొత్త సాక్షి ఊరికే దొరికాడు. చిత్తూరు నుంచి గంటన్నర ప్రయాణం, ఒక ఆదివారం వెళ్లి మ్యూజియం కూడా చూసి రండి.

తిరుమల ఘాట్ రోడ్లే చూడండి. మొదటిది 1944లో, రెండోది 1974లో వచ్చాయి. పైకి వెళ్లే బండ్లు రెండో దారిలో, కిందికి వచ్చేవి మొదటి దారిలో. బండి టోల్‌గేట్ దాటిన టైమ్ నమోదవుతుంది, నిర్ణయించిన సమయం కంటే ముందే అవతలి చివర తేలితే స్పీడుగా నడిపినట్టు లెక్కగట్టి ఫైన్ వేస్తారు. ప్రమాదాలు జరగకుండా పెట్టిన ఆ పద్ధతిలో ఒక డిటెక్టివ్ రచయితకు సిద్ధంగా ఉన్న అలిబై కనిపించాలి. ఫలానా టైమ్‌కు కింద ఉన్న మనిషి ఇంత సమయం లోపల పైన ఉండే అవకాశమే లేదని కాగితమే సాక్ష్యం చెబుతుంది. జనం మామూలుగా నడిచే దారులూ రెండే, అలిపిరి, శ్రీవారి మెట్టు. పుణ్యక్షేత్రంలో హత్య పెట్టమని నేను ఎన్నటికీ చెప్పను, అది మన జనానికి నొప్పి కలిగించే పని, కథకూ మేలు చేయదు. ఇలాంటి ఏర్పాటున్న ఒక కొండను మీ రాజ్యంలో కల్పించుకోండి: ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఒక దారి, రెండు చివర్లా ఘడియలు రాసుకునే కాపలాదారు. అక్కడ గాలిలో ఎగరగలిగేవాడు ఒక్కడుంటే, వాడికి ఆ శక్తి పౌర్ణమి నాడే పనిచేస్తే, హత్య చవితి నాడు జరిగితే? ఇంకో నవలకు సరిపోతుంది.

చదవాల్సినవి అడిగారు. అసిమోవ్ రెండు నవలలూ పైన చెప్పాను, వాటితోనే మొదలుపెట్టండి, ఇంగ్లిష్ కూడా సులువు. తర్వాత ఆల్ఫ్రెడ్ బెస్టర్ 'ది డిమాలిష్డ్ మ్యాన్'. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో అవార్డు నవలల్లో మొట్టమొదట, 1953లో, దీనికే వచ్చింది. మనసులో మాట చదివేసే పోలీసులున్న కాలంలో ఒకడు హత్య చేస్తాడు. ఎవరు చేశారో మనకు మొదటి నుంచీ తెలుసు, పోలీసుకూ త్వరగానే తెలిసిపోతుంది. కానీ మనసు చదివి తెలుసుకున్నది సాక్ష్యంగా చెల్లదు, రుజువులు వేరే తేవాలి. మీ యోగినికి ఇంతకంటే దగ్గరి చుట్టం లేడు. రాజు గారి ధర్మాసనం దివ్యదృష్టిని సాక్ష్యంగా ఒప్పుకుంటుందా, లేదా అన్నది మీరూ ఎక్కడో ఒకచోట తేల్చాలి.

ర్యాండల్ గ్యారెట్ లార్డ్ డార్సీ కథలు మీ లాంటి లోకానికే సంబంధించినవి. మంత్రం అక్కడ చదువుకునే శాస్త్రం. డిటెక్టివ్‌కు ఒక్క మంత్రమూ రాదు, పక్కనుండే మంత్రవేత్త ఇవాళ్టి ఫోరెన్సిక్ నిపుణుడిలా పరీక్ష చేసి ఫలితం చెబుతాడు, దాన్ని బట్టి ఆలోచించేది డార్సీ. ఈ పని విభజన చాలా ఉపయోగకరం. మీ యోగినిలోనే రెండు పనులూ ఉండటం వల్ల వచ్చిన ఇబ్బంది దీనితో తగ్గుతుందేమో ఆలోచించండి. 'టూ మెనీ మెజీషియన్స్' ఒక్కటి చదివినా చాలు. మంత్రగాళ్ల మహాసభలోనే మూసిన గదిలో హత్య జరుగుతుంది, అక్కడున్న ప్రతివాడికీ మంత్రం వచ్చు.

చైనా మియెవిల్ అనే బ్రిటిష్ రచయిత నవల 'ది సిటీ అండ్ ది సిటీ', 2009లో వచ్చింది, కొంచెం కష్టమైన ఇంగ్లిష్. ఒకే నేల మీద రెండు నగరాలు కలగలిసి ఉంటాయి, ఒకదాని జనం రెండోదాన్ని చూసీ చూడనట్టు ఉండాలన్నది చట్టం. తిరుపతిలో బతికేవాళ్లకు ఇది వింతగా అనిపించదు. గాంధీ రోడ్డులోనే యాత్రికుల ఊరు ఒకటి, మన ఊరు ఒకటి పక్కపక్కనే నడుస్తుంటాయి, వాళ్ల కంటికి ఆనేది మన కంటికి ఆనదు. ఈ మధ్య వచ్చినవాటిలో రాబర్ట్ జాక్సన్ బెన్నెట్ 'ది టెయింటెడ్ కప్' బాగుంది, 2025 హ్యూగో దానికే ఇచ్చారు. మనిషి ఒంట్లోంచి చెట్టు మొలిచి చంపేస్తుంది, అక్కడినుంచి విచారణ మొదలు. ఇంతకంటే చెబితే మీ ఆనందం పోతుంది.

మీ నవల తిరగరాసేటప్పుడు ఒక పద్ధతి పాటించండి. ముందు ఒక కాగితం మీద మీ మంత్రాలకు చేతకానివి రాసుకోండి, మూడు నాలుగుకు మించొద్దు. ప్రతిదాని పక్కనా అది ఏ అధ్యాయంలో, ఎవరి నోటి నుంచి, ఏ సందర్భంలో పాఠకుడికి తెలుస్తుందో రాయండి. పక్కన ఏమీ రాయలేకపోయిన నియమాన్ని చివరి అధ్యాయంలో వాడొద్దు, ఎంత ముచ్చటగా ఉన్నా సరే. ఆ కాగితమూ, మార్చిన మూడో అధ్యాయమూ ఇక్కడే పెట్టండి, చదివి చెబుతాను. మీ ఫ్రెండ్‌కు కూడా చూపించండి, ఆమె అడిగే ప్రశ్నలు నావాటికంటే పదునుగా ఉన్నాయి.